ఇంగ్లండులో అద్దె ఇంటి పెరడు: ఎదిగిన పిల్లలకు ఏ ఆట సామగ్రి కొనాలి?

రెడింగ్ నుంచి వచ్చిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఈ మధ్యనే హైదరాబాదు నుంచి రెడింగ్‌కు వచ్చి ఒక సెమీ డిటాచ్డ్ ఇంటిని, అంటే ఒక గోడ పక్కింటితో ఉమ్మడిగా ఉండే ఇంటిని, అద్దెకు తీసుకున్నాము. ఇంటి వెనుక సుమారు 6 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు గల పెరడు ఉన్నది. ఇంటిని ఆనుకొని కొంత మేర రాతి పలకలు పరచి ఉన్నాయి, మిగిలినదంతా గడ్డి. మా అబ్బాయికి 14 ఏళ్లు, అమ్మాయికి 12 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉన్నప్పుడు సాయంత్రమైతే అపార్టుమెంటు పిల్లలతో కలిసి కింద షటిల్ ఆడుకునేవారు. ఇక్కడ బడి నుంచి రాగానే ఎవరి గదిలోకి వారు వెళ్లి తలుపు వేసుకుంటున్నారు. పెద్ద ట్రాంపోలిన్ (స్ప్రింగులతో బిగించిన గుడ్డ మీద ఎగిరి ఆడుకునేది) ఒకటి కొనమని ఆఫీసులో కొందరు చెప్పారు. ఉయ్యాల, జారుడుబల్ల, ఎక్కే గోడ, పైన చిన్న మంచె కలిసి ఉన్న చెక్క సెట్టు మా ఆవిడకు నచ్చింది. రెండూ ఖరీదైనవే కనుక, కొనే ముందు పెద్దల సలహా కోరుతున్నాను. కౌన్సిల్ (ఇక్కడి స్థానిక పాలక సంస్థ) అనుమతి వంటిదేమైనా అవసరమా అన్నది కూడా తెలియజేయగలరు.

స్లౌ నుంచి జవాబు

రెడింగ్ సోదరులకు నమస్కారం. మీ పెరటి కొలతలు, పిల్లల వయస్సులు, ఇల్లు అద్దెది అన్న సంగతి మీరే ముందుగా చెప్పారు కనుక సూటిగా చెప్పగలుగుతున్నాను: చెక్క సెట్టు కొనకండి, ట్రాంపోలిన్ విషయంలో తొందరపడకండి.

చెక్క సెట్టు సంగతి మొదట చూద్దాము. ఇక్కడి 2011 నాటి బొమ్మల భద్రతా నిబంధనల ప్రకారం బొమ్మ అంటే 14 ఏళ్ల లోపు పిల్లల ఆటకు ఉద్దేశించిన వస్తువు, ఇంటి పెరటి ఉయ్యాలలూ జారుడుబల్లలూ ఆ కోవలోకే వస్తాయి. వాటికి వర్తించేది ఈఎన్ 71 అనే ఐరోపా భద్రతా ప్రమాణంలోని 8వ భాగం. పార్కుల్లో కౌన్సిల్ వారు పెట్టించే సామగ్రికి వర్తించే ఈఎన్ 1176 పూర్తిగా వేరైనది, దానికి తట్టుకోవలసిన వాడకమూ వేరే. అందువల్లనే అంగళ్లలో దొరికే సెట్లలో చాలా వాటి పెట్టె మీద, ఒక్కొక్క పిల్లవానికి గరిష్ఠ బరువు 50 కిలోలు అని రాసి ఉంటుంది. ప్రకటనలోని చిత్రంలో నవ్వుతూ ఊగుతున్న పిల్లలకు ఆరేడేళ్లకు మించి ఉండవని మీరూ గమనించి ఉంటారు. మీ అబ్బాయి ఇప్పటికే 50 కిలోలు దాటి ఉండవచ్చు, లేకపోతే వచ్చే ఏడాదికి దాటుతాడు. అడ్డదూలం ఎత్తు చిన్నపిల్లలకు తగినట్టు ఉంటుంది కనుక, పొడుగు కాళ్ల పిల్లవాడు అందులో ఊగితే పాదాలు నేలకు రాసుకుంటాయి, స్తంభాలు ఒక్కో ఊపుకూ నేల నుంచి లేస్తాయి. వయస్సు ఎంత అని రాసి ఉన్నదో చూడడం కంటే, ఒక్కరికి ఎంత బరువు అని రాసి ఉన్నదో చూడడం మీ ఇంటికి ముఖ్యం. ఆ అంకె ఎక్కడా కనిపించని వస్తువును ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకండి.

అనుమతి గురించి అడిగారు. ఇంగ్లండులో సాధారణమైన ఇంటి పెరటిలో చాలా పనులు కౌన్సిల్‌ను అడగకుండానే చేసుకోవచ్చును గాని, నేల నుంచి 30 సెంటీమీటర్ల కంటే ఎత్తైన వేదిక కట్టడానికి ఆ వెసులుబాటు వర్తించదు. మీరు చూసిన సెట్టులోని మంచె మీటరుకు పైగా ఎత్తులో ఉంటుంది కనుక, కచ్చితంగా చూస్తే దానికి ప్లానింగ్ అనుమతి కావలసి వస్తుంది. ఫిర్యాదు లేనంతవరకు చాలామంది పట్టించుకోరన్నది నిజమే. అయితే పక్కింటివారి పెరటిలోకీ పడకగది కిటికీలోకీ కనిపించే మంచె మీద 14 ఏళ్ల కుర్రవాడు నిలబడితే ఫిర్యాదు రాకుండా ఉంటుందని అనుకోలేను. కదిలించగలిగే బల్లలకు, నెట్లకు, చక్రాల స్టాండ్లకు ఈ చిక్కు లేదు.

అద్దె ఇల్లు అన్నది మరొక పెద్ద సంగతి. మీరు కట్టిన డిపాజిట్‌ను యజమాని 30 రోజుల లోపల ప్రభుత్వ ఆమోదం గల పథకంలో నమోదు చేసి ఉండాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, గడ్డి చచ్చిపోయిందనో, గుంతలు తవ్వి కాంక్రీటు పోశారనో కోతలు పెడితే మీరు ఆ పథకం వారి వద్ద ఉచితంగా వివాదం లేవనెత్తవచ్చు. అయినా అంతదూరం పోకుండా ఉండాలంటే, ఏ వస్తువును ఎక్కడ పెట్టదలచుకున్నారో ఏజెంటుకు ఈమెయిల్ రాసి, రాతపూర్వకంగా ఒప్పుకున్న తరువాతే కొనండి, పెట్టే ముందు ఆ చోటును ఫొటో తీసి ఉంచుకోండి. నేలలోకి దిగే ఏ పనికైనా, అంటే స్తంభాలకు కాంక్రీటు పోయడం వంటి వాటికి, అద్దె ఇంట్లో ఉన్నంతకాలం దూరంగా ఉండడమే మంచిది. పెరటి కింద నీటి గొట్టమో కరెంటు తీగో ఎక్కడ పోతున్నదో మీకు తెలియదు గదా.

ఇక ట్రాంపోలిన్. రోస్పా అని అందరూ పిలిచే ఇక్కడి ప్రమాద నివారణ సంస్థ, ట్రాంపోలిన్ చుట్టూ 2.5 మీటర్ల ఖాళీ ఉండడం మంచిదని చెబుతుంది. 10 అడుగుల ట్రాంపోలిన్ అంటే 3.05 మీటర్లు, దానికి రెండు వైపులా ఆ ఖాళీ కలిపితే 8 మీటర్లు దాటుతుంది. మీ పెరటి వెడల్పు 6 మీటర్లు. చుట్టూ వల ఉంటుంది కనుక అంత ఖాళీ అక్కరలేదని అమ్మేవారు అంటారు, చాలా ఇళ్లలో కంచెకు ఆనించే వేస్తారు కూడా. కాని ఎండకూ వానకూ ఆ వల రెండు మూడేళ్లలో పెళుసెక్కుతుంది, స్ప్రింగులు తుప్పు పడతాయి, సరిగ్గా అప్పటికే మీ అబ్బాయి బరువు పెరిగి ఉంటుంది. అదే సంస్థ చెప్పే మరొక సంగతి ఏమిటంటే, ట్రాంపోలిన్ ప్రమాదాల్లో సుమారు 75 శాతం ఒకేసారి ఒకరికంటే ఎక్కువ మంది ఎక్కినప్పుడు జరిగేవే, వాటిలో దెబ్బ ఎక్కువగా తగిలేది తక్కువ బరువున్నవారికి. మీ ఇంట్లో అది అమ్మాయి. ఒకరు ఎగురుతుంటే మరొకరు కింద నిలబడి తమ వంతు కోసం వేచి ఉండడం ఐదేళ్ల పిల్లలకు నేర్పవచ్చునేమో గాని, 14 ఏళ్ల వాడికి, అందులోనూ స్నేహితులు వచ్చినప్పుడు, అది నిలిచే నియమం కాదు. గాలి సంగతి కూడా మరచిపోకండి. 2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను వచ్చినప్పుడు పెరళ్లలోని ట్రాంపోలిన్లు ఎగిరి రైలు పట్టాల మీద పడి రైళ్లు ఆగిపోయాయి, అందుకే తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా పెరటి సామగ్రిని కట్టివేయమని, రైలు పట్టాలను నిర్వహించే నెట్‌వర్క్ రైల్ వారు ప్రజలను కోరుతుంటారు. సొంత ఇల్లు, వెడల్పైన పెరడు, నేలలోకి మరబిగించే లంగర్లు ఉన్నవారికి అది మంచి వస్తువే. మీకు ఇప్పుడు కాదు.

మరి ఏది కొనాలి? ముందుగా, వారికి ఇప్పటికే వచ్చిన ఆటను వారికి తిరిగి ఇవ్వండి. డబుల్స్ షటిల్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు ఉండాలి కనుక మీ పెరడు దాదాపు దానికి సరిపోయేంతటిదే, అయితే కంచెల మధ్య అంతా వాడలేరు. 3 మీటర్ల మడత నెట్టు, నాలుగు రాకెట్లు, ఈకలవి కాకుండా నైలాన్ షటిళ్లు తీసుకుంటే ఖర్చు చాలా తక్కువ, ఆట అయిపోగానే మడిచి షెడ్డులో పెట్టవచ్చు. గాలి ఉన్ననాడు ఆట సాగదు, ఇక్కడ గాలి లేని సాయంత్రాలు మీరు అనుకున్నన్ని ఉండవు. కాబట్టి అదొక్కటే సరిపోదు.

డబ్బు పెట్టదలచుకుంటే టేబుల్ టెన్నిస్ బల్ల మీద పెట్టండి. ఇద్దరికీ వయస్సుతో, బరువుతో, పొడుగుతో నిమిత్తం లేని ఆట అది. పన్నెండేళ్ల చెల్లెలు పద్నాలుగేళ్ల అన్నను ఓడించగలదు, రాత్రి భోజనం తరువాత మీరు, మీ ఆవిడ కూడా దిగవచ్చు, పరిచయం లేని పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో తెలియని మొదటి పది నిమిషాలు దాని మీద సులభంగా గడిచిపోతాయి. బయట ఉంచే బల్లనే కొనాలి, దాని పైభాగం అల్యూమినియం పొరతోనో మెలమైన్ రెజిన్‌తోనో చేసి ఉంటుంది. ఇంటి లోపల వాడే చెక్కపొట్టు బల్లను బయట వదిలేస్తే ఒక్క చలికాలానికే తేమ పీల్చి ఉబ్బి, బంతి ఒకచోట ఒకలా మరొకచోట మరొకలా లేస్తుంది. బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525 మీటర్లు. మీ ఇంటి గోడకు సమాంతరంగా రాతి పలకల మీద వేస్తే రెండు చివరలా 1.6 మీటర్ల చొప్పున మిగులుతుంది, అది పోటీకి చాలదు గాని ఇంటి ఆటకు సరిపోతుంది. గడ్డి మీద వేయకండి. వానాకాలమంటూ వేరే లేని ఈ దేశంలో అక్టోబరు వచ్చేసరికి చక్రాలు నేలలో కూరుకుపోతాయి. ఒక సగాన్ని నిలువుగా మడిచి ఒక్కరే సాధన చేసుకునే ఏర్పాటు ఉన్నది చూసుకోండి, ఇద్దరికీ కుదరని రోజులే ఎక్కువ ఉంటాయి.

బాస్కెట్‌బాల్ రింగు గురించి అబ్బాయి తప్పక అడుగుతాడు. ఎత్తు మార్చుకోగలిగి, అసలైన 3.05 మీటర్ల వరకు పెరిగేది ఒకటి, అడుగున నీళ్లో ఇసుకో నింపే తొట్టి ఉన్నది తీసుకోవచ్చు. ఇసుకే నయం: నీరు కారిపోతే స్టాండు తేలికపడిందని ఎవరికీ తెలియదు. అయితే రాతి పలకల మీద బంతి కొట్టే చప్పుడు ఉమ్మడి గోడ అవతలికి ఎలా వినిపిస్తుందో ముందుగా పక్కింటివారిని అడిగి తెలుసుకోండి. క్రికెట్ మాట ఎత్తను. ఆ వెడల్పులో కంచె దాటని కవర్ డ్రైవ్ ఉండదు.

వెలుతురు లెక్క కూడా వేసుకోండి. జూన్‌లో రాత్రి 9 దాటినా రెడింగ్‌లో ఆడుకోవచ్చు. డిసెంబరులో సాయంత్రం 4 కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు, బడి నుంచి ఇంటికి చేరేసరికే చీకటి. మీరు ఇప్పుడు శరత్తులో ఉన్నారు కనుక, పెద్ద కొనుగోలును వసంతానికి వాయిదా వేసినా నష్టమేమీ లేదు, ఈలోగా నెట్టు, రాకెట్లు చాలు.

మిల్టన్ కీన్స్ నుంచి మరొక జవాబు

అన్నగారు చెప్పినదంతా ఒప్పుకుంటూనే, అమ్మాయి గురించి నాలుగు మాటలు కలుపుతున్నాను, ఎందుకంటే పై జవాబులోని సామగ్రిలో ఎక్కువ భాగం అబ్బాయికే ఉపయోగపడేలా ఉన్నది. పన్నెండు, పదమూడేళ్లు వచ్చిన ఆడపిల్లలు, చుట్టుపక్కల ఇళ్ల మేడ కిటికీలన్నీ తమ పెరటి వైపే తిరిగి ఉన్నప్పుడు, నడిమధ్యలో గంతులు వేయడానికి ఇష్టపడకపోవడం సహజం. ఇక్కడి పార్కుల విషయంలోనే ఈ సమస్య గురించి మేక్ స్పేస్ ఫర్ గర్ల్స్ అనే స్వచ్ఛంద సంస్థ చాలాకాలంగా మాట్లాడుతున్నది. కౌమార వయస్సు పిల్లల పేరుతో పెట్టేవన్నీ కంచె వేసిన బంతాట స్థలాలు, స్కేట్ పార్కులే అయి, వాటిని ఎక్కువగా మగపిల్లలే వాడుతున్నారని, ఆడపిల్లలు కోరేది పెద్దవారికి సరిపోయే ఉయ్యాలలు, ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకునే చోట్లు అని వారి వాదన. మా అమ్మాయి విషయంలో నాకు అది అక్షరాలా నిజమనిపించింది.

కాబట్టి, నేలలో పాతనక్కరలేని ఇనుప చట్రంతో వచ్చే వేలాడే కుర్చీనో, స్టాండు ఉన్న ఊయలమంచమో ఒకటి చూడండి. పెద్దల కోసం చేసినవి కనుక 100 కిలోలకు పైగా మోసేవి దొరుకుతాయి, బొమ్మల ప్రమాణంతో పని లేదు. దానిని పెరటి చివర, ఇంటి కిటికీలకు కాస్త చాటుగా పెట్టండి. అక్కడ ఆమె పుస్తకంతోనో, ఫోనుతోనో, ఒక్క స్నేహితురాలితోనో గంటసేపు గడిపితే అది ఆట కాదని మీరు విసుక్కోవద్దు. గది తలుపు వెనుక నుంచి బయటి గాలిలోకి వచ్చింది గదా. పెరట్లో చెట్టు ఉంటే కొమ్మకు ఉయ్యాల కట్టాలని అనిపిస్తుంది. ఆ చెట్టుకు కౌన్సిల్ వారి రక్షణ ఉత్తర్వు ఉంటే, వారి అనుమతి లేకుండా కొమ్మ నరకడం, దెబ్బతీయడం నేరమవుతుంది కనుక ముందే కనుక్కోండి.

ఇతరుల పిల్లలు వచ్చి ఆడినప్పుడు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదని కూడా ఆలోచించండి. 1957 నాటి ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టం ప్రకారం ఇంట్లో ఉంటున్నవారికి అతిథుల భద్రత పట్ల బాధ్యత ఉన్నది, పిల్లలు పెద్దవారంత జాగ్రత్తగా ఉండరని ముందే అనుకోవాలని కూడా ఆ చట్టమే చెబుతుంది. అద్దెదారులు తీసుకునే కంటెంట్స్ ఇన్సూరెన్సులో (ఇంట్లోని సామానుకు చేయించే బీమాలో) ఇటువంటి బాధ్యతకు రక్షణ ఉన్నదేమో కాగితాలు తీసి చూసుకోండి. ఇక మీ ఊరిలోనే ప్రాస్పెక్ట్ పార్కు, పామర్ పార్కు వంటి విశాలమైన స్థలాలు ఉన్నాయి. ఏదైనా కొనే ముందు రెండు మూడు శనివారాలు పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి, వారు తమంతట తాము దేని దగ్గరికి నడుస్తారో దూరం నుంచి చూడండి.

హారో నుంచి చిన్న చేర్పు

టేబుల్ టెన్నిస్ బల్లను ఖాయం చేసుకుంటే, ఆర్డరు పెట్టే ముందు ఇంటి పక్కనున్న సందు వెడల్పును, గేటు వెడల్పును కొలవండి. మడిచిన బల్ల అరమీటరుకు పైగా మందం, మనిషి ఎత్తుకు దగ్గరగా ఎత్తు ఉంటుంది, చాలా కంపెనీల డెలివరీవారు దానిని ఇంటి ముందు దించి వెళ్లిపోతారు, వెనుకకు చేర్చడం మీ పనే. ఆన్‌లైనులో కొన్నదానిని చేతికి అందిన నాటి నుంచి 14 రోజుల లోపల వద్దనుకొనే హక్కు 2013 నాటి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల వల్ల మీకున్నది. కాని తిరిగి పంపే రవాణా ఖర్చు కొనుగోలుదారుదే అని అమ్మేవారు ముందే రాసి ఉంటే అది మీ మీదే పడుతుంది, అంత బరువైన వస్తువుకు ఆ ఖర్చు చిన్నది కాదు. బిగించి ఆడిన తరువాత తిప్పి పంపితే విలువ తగ్గిందని డబ్బులో కోత కూడా పెట్టవచ్చు. వాడినది చాలనుకుంటే, వసంతంలో ఇళ్లు మారేవారు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో మంచి బల్లలు పెడుతుంటారు. వెళ్లి చూసినప్పుడు పైభాగం అంచుల వెంట వేలు రాసి ఉబ్బు ఉన్నదేమో చూడండి, నాలుగు చక్రాల తాళాలూ పనిచేస్తున్నాయో లేదో సరిచూడండి, తీసుకురావడానికి వ్యాను, మరో మనిషి తప్పనిసరి. ఆదివారమైతే నేను రాగలను.