లెన్స్ పెట్టుకున్న కన్ను ఎర్రబడింది, ఆదివారం పెళ్లికి పెట్టుకోవచ్చా?

నైట్‌షిఫ్ట్ అమ్మాయి:
అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో హాస్టల్‌లో ఉంటాను. రెండు కళ్లకూ మైనస్ మూడున్నర, మంత్లీ లెన్సులు వాడతాను. తెల్లవారి క్యాబ్‌లో వచ్చేటప్పుడు లెన్సులతోనే కునుకు తీస్తుంటాను. మొన్న సొల్యూషన్ అయిపోతే, ఫర్వాలేదని రూమ్మేట్ అనడంతో రాత్రికి క్యాన్ నీళ్లలో నానబెట్టాను. నిన్నటి నుంచి కుడి కన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది, ట్యూబ్‌లైట్ వైపు చూడలేకపోతున్నాను. మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు, ఇంకా వేసుకోలేదు. ఆదివారం మా పెద్దమ్మ కూతురి పెళ్లి. ఫొటోల్లో కళ్లజోడు వద్దని అమ్మ ఒకటే పోరు. అప్పటికి తగ్గుతుందంటారా?

ఒంగోలు బాబాయ్:
ముందు లెన్సులు తీసెయ్యమ్మా, రెండు కళ్లవీ. పెళ్లి ఫొటోల గురించి అమ్మకు నేను చెప్పమన్నానని చెప్పు.

ఆప్టోమెట్రిస్ట్, విజయవాడ:
అమ్మా, ఈ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లు, రేపటిదాకా ఆగొద్దు. ఉత్త ఎరుపే అయితే ఇంత గట్టిగా చెప్పను. వెలుతురు చూడలేకపోతున్నావంటే కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొర, దాని మీద పుండు పడుతోందేమో చూడాలి. లెన్సులు వాడేవాళ్లలో కనిపించే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను పాడుచేయగలదు.

ఇక నీళ్ల సంగతి. క్యాన్ నీళ్లు తాగడానికి పనికొస్తాయి, లెన్స్‌కి పనికిరావు. కుళాయి, బోరు, ట్యాంకు, ఈతకొలను, ఏ నీళ్లలోనైనా అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉండొచ్చు. తాగితే ఏమీ కాదు. లెన్స్‌కి అంటుకుని కార్నియా మీదే ఉండిపోతే మాత్రం లోపలికి దిగుతుంది, చుట్టూ గట్టి తొడుగు కట్టుకుని మందులకు లొంగదు. నెలల తరబడి చుక్కలు వేయాల్సి వస్తుంది. పైగా మొదట్లో హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే పుండులా కనిపించి డాక్టర్లనే తికమక పెడుతుంది. అందుకే లెన్స్ నీళ్లలో నానబెట్టిన విషయం, వాళ్లు అడగకపోయినా నువ్వే చెప్పు.

ఆ చుక్కల మందు వేయకు. సీసా మీద డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేర్లుంటే అవి స్టెరాయిడ్లు. ఎరుపు తగ్గుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. డాక్టర్ చూడకుండా ఇలాంటివి చేతిలో పెట్టేయడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

లెన్సులు పారేయకు, డబ్బీతో సహా తీసుకెళ్లు. అవసరమైతే వాటినీ ల్యాబ్‌కి పంపుతారు. మా దగ్గరికి వచ్చేవాళ్ల డబ్బీలు చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి. అడుగున వేలు పెడితే జారుడుగా పొర తగులుతుంది. సూక్ష్మజీవులుండేది అందులోనే. రాత్రి పోసిన సొల్యూషన్ పొద్దున పారబోసి, డబ్బీని సొల్యూషన్‌తోనే కడిగి, టిష్యూ మీద బోర్లించి ఆరనివ్వాలి. మూడు నెలలకోసారి డబ్బీ మార్చెయ్యాలి.

నైట్‌షిఫ్ట్ అమ్మాయి:
వెళ్లొచ్చానండి. నారింజ రంగు మందు వేసి నీలం లైటులో చూశారు, ఒకచోట పచ్చగా మెరిసిందట. చిన్న పుండే అన్నారు. గీకి శాంపిల్ తీశారు. గంటగంటకీ చుక్కలు, రేపు మళ్లీ రమ్మన్నారు. సొల్యూషన్ ఖరీదు కదా, ఇకముందు సెలైన్ వాడొచ్చా?

ఆప్టోమెట్రిస్ట్, విజయవాడ:
వెంటనే వెళ్లావు, చాలా సంతోషం. సెలైన్ పైపైన కడగడానికే, క్రిములను చంపదు. డాక్టర్ సరేననేదాకా రెండు కళ్లకూ కళ్లజోడే. రాత్రిళ్లు కూడా చుక్కలు మానొద్దు, అలారం పెట్టుకో. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు కొత్త జత, కొత్త డబ్బీ. డైలీ డిస్పోజబుల్స్, అంటే ఒక్కరోజు వాడి పారేసే లెన్సుల గురించి డాక్టర్‌ని అడుగు. ఖర్చు ఎక్కువే గానీ హాస్టల్లో డబ్బీ, సొల్యూషన్ గొడవ ఉండదు. రెప్ప మూస్తే కార్నియాకు గాలి అందేది తగ్గుతుంది, మధ్యలో లెన్స్ ఉంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి షిఫ్ట్ అయ్యాక ఆఫీసులోనే చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని లెన్సులు తీసేసి, కళ్లజోడుతో క్యాబ్ ఎక్కు.