బ్లాగర్ నుంచి సొంత సైటుకు: పాత లంకెలు చెడకుండా మార్చడం ఎలా?

ప్రశ్న:

మా నాన్నగారు 2008 నుంచి గూగుల్ వారి ఉచిత బ్లాగు సేవ బ్లాగర్‌లో రాస్తున్నారు. మొత్తం 340 టపాలు (పోస్టులు). ఎక్కువగా మా ఊరి చెరువులు, సేద్యం మాటలు, పాత పనిముట్ల గురించి. ఇప్పుడు ఆయనకు చూపు బాగా తగ్గింది. బ్లాగు బాధ్యత నాకు అప్పగించారు. సొంత డొమైన్ (సైటు పేరు) కొని, హోస్టింగు (సైటును ఉంచే సర్వరు చోటు) తీసుకుని, వర్డ్‌ప్రెస్ (సైటును నడిపే సాఫ్ట్‌వేరు) పెట్టాను. బ్యాకప్ ఫైలును దిగుమతి చేస్తే టపాలూ వ్యాఖ్యలూ వచ్చాయి. పాత లంకెల్లో బ్లాగు పేరు బదులు కొత్త డొమైన్ పెట్టి చూస్తే మాత్రం చాలావరకు ‘పేజీ దొరకలేదు’ అంటున్నాయి. పర్మాలింకు (టపా శాశ్వత చిరునామా) సెట్టింగుల్లో సంవత్సరం, నెల, పేరు, చివర హెచ్‌టీఎమ్‌ఎల్ అని బ్లాగర్ తరహాలోనే పెట్టాను. అయినా ఎందుకిలా? ఎన్నో ఏళ్లుగా ఆయన మిత్రులు దాచుకున్న లంకెలు అవి. అవి పోతే నాన్నగారు బాధపడతారు.

సమాధానం:

మీరు పొరపాటేమీ చేయలేదు. పర్మాలింకును బ్లాగర్ తరహాలో పెట్టమన్న సలహా ఇంగ్లీషు బ్లాగులకు సరిపోతుంది, తెలుగు బ్లాగులకు సరిపోదు. నాన్నగారి పాత టపాల చిరునామాలు ఒకసారి వరుసగా చూడండి. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్ ఆ అక్షరాలను చిరునామాలోకి తీసుకోదు. ఏ టపాకైనా ‘బ్లాగ్-పోస్ట్’ అనే పేరే పెడుతుంది. అదే నెలలో మరో టపా వస్తే ఆ పేరు చివర ఒక అంకె తగిలిస్తుంది. నెల మారగానే మళ్లీ మొదటికి వస్తుంది. అంటే 2010 మే నెలలోనూ ‘బ్లాగ్-పోస్ట్’ ఉంటుంది, జూన్‌లోనూ ఉంటుంది. నెల వేరు కాబట్టి బ్లాగర్‌కు ఇబ్బంది లేదు. వర్డ్‌ప్రెస్ అలా ఒప్పుకోదు. నెలలు వేరైనా రెండు టపాలకు ఒకే పేరు ఉండకూడదు. కాబట్టి రెండోదాని పేరును తనే మార్చేస్తుంది. సెట్టింగు ఎలా పెట్టినా ఈ చిక్కు తీరదు.

అందుకని పాత చిరునామాలను అనుకరించే ప్రయత్నం మానండి. కొత్త చిరునామాలు మీకు నచ్చినట్టు పెట్టుకుని, పాతదాన్ని నొక్కినవారిని కొత్తదానికి పంపించే ఏర్పాటు చేయండి. దీన్నే 301 దారి మళ్లింపు అంటారు. ‘రీడైరెక్షన్’ అనే ఉచిత ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) ఈ పని చేస్తుంది. ఒక పట్టికలో మొదటి నిలువు వరుసలో పాత చిరునామా, రెండోదాంట్లో కొత్తది రాసి, సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన సాదా పట్టికగా) ఎక్కిస్తే 340 టపాలూ ఒకేసారి పూర్తవుతాయి. పాత చిరునామాలు వెతుక్కోనక్కర్లేదు. దిగుమతి ప్లగిన్ ప్రతి టపా పాత చిరునామాను ఆ టపా కస్టమ్ ఫీల్డులో (అదనపు సమాచారం ఉంచే గడిలో) దాచి ఉంచుతుంది.

రీడైరెక్షన్ ప్లగిన్‌లో ఒక సంగతి మరవకండి. మొబైల్లో తెరిచినప్పుడు బ్లాగర్ చిరునామా చివర ప్రశ్న గుర్తు, ఎమ్, సమానం గుర్తు, 1 చేరతాయి. వాట్సాప్‌లో తిరిగే లంకెలు చాలావరకు ఆ తోకతోనే ఉంటాయి. చిరునామా చివరి ఇలాంటి తోకలను (పారామితులను) పట్టించుకోవద్దని అక్కడ సెట్టింగు పెట్టకపోతే కంప్యూటర్లో పనిచేసే లంకె ఫోనులో పనిచేయదు. పరీక్షించేటప్పుడు రెండు రకాలూ నొక్కి చూడండి.

కొత్త చిరునామాలకు తెలుగు శీర్షికను యథాతథంగా వాడవద్దని నా సలహా. బ్రౌజరులో తెలుగు అందంగానే కనిపిస్తుంది. కాపీ చేసి పంపితే మాత్రం శాతం గుర్తుల గొలుసు అవుతుంది. ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. అచ్చు గుర్తులు కూడా విడిగా లెక్కకు వస్తాయి. ‘తెలుగు’ అన్న చిన్న మాటకే 54 పడతాయి. వర్డ్‌ప్రెస్‌లో టపా పేరుకు ఉన్న హద్దు 200. అంటే 22 గుర్తులు దాటగానే మిగతా శీర్షిక తెగిపోతుంది. నేనైతే పర్మాలింకులో టపా సంఖ్య ఒక్కటే ఉంచుతాను. తర్వాత శీర్షికలో అచ్చుతప్పు దిద్దుకున్నా చిరునామా మారదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. కానీ నాన్నగారి పాత బ్లాగుకు ఎప్పుడూ సొంత డొమైన్ లేదు. పాత లంకెలన్నీ బ్లాగర్ ఇచ్చిన బ్లాగ్‌స్పాట్ పేరు మీదే ఉన్నాయి. వాటిని నొక్కినవారు అసలు నా సైటుకు ఎలా వస్తారు?

సమాధానం:

ఇది ముందే అడగవలసింది, నాదే లోపం. ఇక్కడ పని వరుస ముఖ్యం. డొమైన్‌ను వెంటనే కొత్త హోస్టింగుకు కలపకండి. మొదట దాన్ని బ్లాగర్ సెట్టింగుల్లో సొంత డొమైన్‌గా చేర్చండి. బ్లాగర్ అడిగే డీఎన్‌ఎస్ నమోదులు (డొమైన్ ఏ సర్వరుకు చేరాలో చెప్పేవి) చేస్తే చాలు. అప్పటినుంచి బ్లాగ్‌స్పాట్ చిరునామా నొక్కినవారిని బ్లాగరే మీ డొమైన్‌కు పంపుతుంది. కొన్ని వారాలు అలాగే ఉండనివ్వండి. గూగుల్ వెతుకులాటలోనూ కొత్త పేరు ఎక్కుతుంది. ఈలోగా వర్డ్‌ప్రెస్‌ను హోస్టింగువారి తాత్కాలిక చిరునామాలో సిద్ధం చేసుకోండి. అంతా సరిచూసుకున్నాకే డీఎన్‌ఎస్‌ను అటు తిప్పండి.

తిప్పిన తర్వాత కూడా బ్లాగర్‌లో ఆ సొంత డొమైన్ సెట్టింగును తీయకండి. బ్లాగ్‌స్పాట్ నుంచి మళ్లింపు దాని మీదే ఆధారపడి ఉంది. అయితే సైటు ఇక బ్లాగర్‌లో లేదు కాబట్టి, పాత లంకె నొక్కినవారికి ‘మిమ్మల్ని వేరే చిరునామాకు పంపుతున్నాం, వెళ్లాలనుకుంటున్నారా?’ అన్న అర్థంలో ఒక పేజీ అడ్డు వస్తుంది. అవునని నొక్కితే వెళ్తారు. నాన్నగారి మిత్రులు పెద్దవారై ఉంటారు, ఆ పేజీ చూసి భయపడతారు. వారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

పాత ఖాతాను కూడా కాపాడుకోవాలి. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నియమం గూగుల్‌కు ఉంది. బ్లాగులో మీ ఖాతాను నిర్వాహకురాలిగా చేర్చుకోండి. నాన్నగారి ఖాతాలోకీ అప్పుడప్పుడు లాగిన్ అవుతూ ఉండండి.

మరొక సభ్యుడు:

బొమ్మల మాట ఎవరూ ఎత్తలేదు. బ్యాకప్ ఫైలులో టపా పాఠమే ఉంటుంది, బొమ్మలు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. కొత్త సైటులో బొమ్మ కనబడుతోందంటే అది మీ దగ్గరికి వచ్చినట్టు కాదు. గూగుల్ సర్వరు నుంచే కనిపిస్తూ ఉండవచ్చు. బొమ్మను కొత్త ట్యాబులో తెరిచి, చిరునామాలో మీ డొమైన్ ఉందో లేదో చూడండి. లేకపోతే బయటి బొమ్మలను మీడియా లైబ్రరీలోకి తెచ్చే ప్లగిన్ వాడాలి. దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాత టపాల్లో బొమ్మ చిరునామా మధ్యలో ఎస్ అక్షరం, పక్కనే 320 అని ఉంటుంది. అది చిన్న ప్రతి. బ్యాకప్ ఫైలుకు నకలు తీసి, టెక్స్ట్ ఎడిటర్‌లో ఎస్ పక్కన 320 ఉన్నచోట్ల మాత్రమే దాన్ని 1600 చేసి, తర్వాత దిగుమతి చేయండి. నాగలి బొమ్మలో మేడి ఎక్కడుందో, కర్రు ఎక్కడుందో కనబడాలంటే పెద్ద ప్రతి ఉండాలి కదా.

ఇంకొకటి నా అనుభవం. నా మొదటి హోస్టింగులో డేటాబేస్ లాటిన్ అక్షరాలకు మాత్రమే సిద్ధం చేసి ఉంది. నేను చూసుకోలేదు. దిగుమతి అయ్యాక తెరిస్తే ప్రతి వాక్యమూ ప్రశ్నార్థకాల వరుస. అలా నిల్వ అయిన అక్షరాలు తిరిగి రావు. అంతా తుడిచి మొదటి నుంచి చేశాను. డేటాబేస్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని భాషల అక్షరాలకూ సరిపోయేది) అని ఉందో లేదో మీరు ఇప్పుడే చూడండి. మీ టపాలు సరిగ్గా కనబడుతున్నాయి కాబట్టి బహుశా బాగానే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:

చూశాను, డేటాబేస్ సరిగ్గానే ఉంది. బొమ్మలు మాత్రం మీరన్నట్టే అన్నీ గూగుల్ దగ్గరే ఉన్నాయి. నిన్నటి దిగుమతిని తీసేసి, బ్యాకప్ నకలులో 1600 పెట్టి మళ్లీ మొదలుపెడుతున్నాను. డొమైన్‌ను ఈ సాయంత్రమే బ్లాగర్‌కు కలిపాను. పాత లంకె నొక్కితే కొత్త పేరుతో నాన్నగారి చెరువు టపా తెరుచుకుంది. పట్టిక తయారయ్యాక ఫోనులో, కంప్యూటర్లో నొక్కి చూసి ఇక్కడే రాస్తాను.