డైనింగ్ టేబుల్‌కి లామినేటా, వెనీరా?

కొత్తిల్లు:
ఇంట్లో చెక్క పని నడుస్తోంది. బీరువాలకు లామినేట్ అని తేలిపోయింది, డైనింగ్ టేబుల్ పైభాగం దగ్గర ఆగాం. నాకు వెనీర్ మీద మనసు, మా ఆయన లామినేట్ అంటున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు. వాడినవాళ్ళు చెప్పండి.

చెక్కపిచ్చి:
ఇంకో ఆలోచన వద్దు, వెనీర్. దుంగ నుంచి పలుచగా తీసిన పొర అది, ఏ రెండు షీట్లూ ఒకేలా ఉండవు. లామినేట్ అంటే చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం. పైగా అంచుల్లో నల్ల గీత. రోజూ కూర్చునే చోట ఆ గీత చూస్తూ బతకాలా?

చిత్రిక:
ఇరవై ఏళ్ళుగా ఇదే నా పని. కాగితమే, కాదనను. క్రాఫ్ట్ అనే గట్టి గోధుమరంగు కాగితాలకు ఫినాలిక్ రెజిన్ అనే జిగురు, పైన డిజైన్ కాగితానికి మెలమైన్ రెజిన్ పట్టించి, వేడి చేసి గట్టిగా నొక్కుతారు. ఆ తర్వాత దానికి కాగితం గుణం ఉండదు. 1912లో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ దీన్ని చేసింది ఫర్నిచర్ కోసం కూడా కాదు, కరెంటు పరికరాల్లో అభ్రకానికి బదులుగా. ఫార్మైకా అన్న పేరు అలా వచ్చిందే: 'ఫర్ మైకా', అంటే అభ్రకానికి బదులు. అభ్రకం వద్దని చేసినదాన్ని మనం మైకా అని పిలుస్తున్నాం, అదో తమాషా. ఇంతకీ మీ వెనీర్‌లో చెక్క ఎంత? అటూ ఇటూగా అర మిల్లీమీటరు. కిందంతా ప్లైయే.

గడియ:
మళ్ళీ మొదలెట్టారు ఇద్దరూ.

చెక్కపిచ్చి:
అర మిల్లీమీటరైనా చెక్క చెక్కే. నల్ల గీత సంగతి దాటేశారు.

చిత్రిక:
దాటేయలేదు. అది ఆ క్రాఫ్ట్ కాగితాల అంచు. లేత రంగు షీట్ అయితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ముదురు రంగులో కలిసిపోతుంది. లోపలిదాకా ఒకే రంగుండే రకం కూడా ఉంది, ఖరీదు ఎక్కువ. లేదంటే అంచుకి చెక్క బీడింగ్, అంటే సన్నటి చెక్క పట్టీ, కొట్టించుకోవచ్చు.

చెక్కపిచ్చి:
అంటే గీత ఉన్నట్టేగా!

గడియ:
వేడి గిన్నె నేరుగా దించితే లామినేట్ కూడా ఉబ్బుతుంది. మాకు ఉబ్బింది. అంతే, వెళ్తున్నా.

చెక్కపిచ్చి:
మా సంగతి వినండి. స్టడీ టేబుల్‌కి లామినేట్ వేయించాం. ఏడాది తిరక్కుండా పలక విల్లులా వంగింది, ఓ మూల లేచింది. చేసినాయన్ని పిలిస్తే తేమ అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

చిత్రిక:
కింది వైపు ఏం వేశారు?

చెక్కపిచ్చి:
కింద ఎందుకు? ఎవరికి కనిపిస్తుంది?

చిత్రిక:
అదీ సంగతి. ఒక్క వైపే అతికిస్తే పైనా కిందా తేమ పీల్చడంలో తేడా వచ్చి పలక వంగుతుంది. కింద కనీసం లైనరైనా, అంటే కనిపించని వైపు వేసే మామూలు లామినేట్ షీటైనా, వేయాలి. వెనీర్ ఒక వైపే వేసినా అదే గతి. మీ కోపం పనివాడి మీద, తిట్లు లామినేట్‌కి.

చెక్కపిచ్చి:
మీరంతా ఇంతే. ముందు ఒక్కరూ చెప్పరు, పాడయ్యాక "కింద వేశారా" అని అడుగుతారు. లామినేట్ అంటే మీకెందుకిష్టమో తెలుసు, అతికించి వెళ్ళిపోవచ్చు. వెనీర్‌కైతే ఎమ్రీ పేపర్ పట్టాలి, సీలర్, పాలిష్, కోటు మీద కోటు. ఒళ్ళు వంచాలి.

చిత్రిక:
ఒళ్ళు వంచడం గురించి నాకు చెప్పకండి. వెనీర్ టేబుళ్ళు నేనూ చేశాను, ఆ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాను కూడా. ఒకచోట బట్ట, బట్ట మీద ప్లాస్టిక్ షీటు, షీటు మీద మ్యాట్లు. చెక్క ఎక్కడుందో దేవుడికెరుక. ఇంకోచోట గ్లాసు పెట్టినచోటల్లా తెల్ల మచ్చ. ఆ ఇంటి పిల్లాడు నా పక్కకొచ్చి, "అమ్మ చూడకముందే పోగొట్టు అంకుల్" అన్నాడు.

నిమ్మళం:
చెక్కపిచ్చి గారూ, ఒక్క మాట. మీ టేబుల్ ఎవరు తుడుస్తారు?

చెక్కపిచ్చి:
దానికీ దీనికీ ఏం సంబంధం?

నిమ్మళం:
నాకు ఉన్న సంబంధం అదొక్కటే. మా ఆయన ముచ్చటపడి ముదురు రంగు యాక్రిలిక్ తలుపులు పెట్టించారు, అద్దంలా మెరుస్తాయి. దూరం నుంచి ఆయన మెరుపు చూస్తారు, దగ్గర్నుంచి నేను వేలిముద్రలు చూస్తాను. మెత్తటి గుడ్డే వాడాలి, గరుకు స్పాంజి తగిలితే గీత. ఈ నియమాలన్నీ నాకే. ఇక్కడ ఇంతసేపు మిల్లీమీటర్లు లెక్కపెట్టారు, ఆ మాట ఒక్కరూ అడగలేదు.

చెక్కపిచ్చి:
నిన్న కోపంలో జవాబు రాయలేదు. మా ఆవిడే తుడుస్తుంది. గ్లాసుల కింద అట్టలు పెట్టేదీ తనే. మా డైనింగ్ టేబుల్‌ది వాల్‌నట్ చెక్క వెనీర్. అది వెలుతురికి పాలిపోతుందని నాకు తెలియదు, కిటికీ వైపు సగం లేతబడింది. మళ్ళీ పాలిష్ చేయిద్దామని ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. అయినా ఆ టేబుల్ మార్చను. మా అమ్మాయి చిన్నప్పుడు పెన్సిల్ నొక్కి రాసిన అంకెలు దాని మీద అలాగే దిగబడి ఉన్నాయి. లామినేట్ మీదైతే పడేవి కావు.

చిత్రిక:
పడవు. అందుకే వేస్తాం.

చెక్కపిచ్చి:
అందుకే నేను వేయించను.

చిత్రిక:
సరే. పాలిష్ ఎప్పుడు చేయించినా మెషిన్ పెట్టనివ్వకండి, ఉన్నదే అర మిల్లీమీటరు, ప్లై బయటపడుతుంది. చేత్తో రుద్దించండి. అంకెల దగ్గర అసలు రుద్దనివ్వకండి.

కొత్తిల్లు:
అందరికీ థాంక్స్. మా ఇంట్లో టేబుల్ తుడిచేది మా ఆయనే, కాబట్టి ఆయన మాటే ఖాయం. ముదురు రంగు లామినేట్, చెక్క బీడింగ్. నా వెనీర్ పిల్లల చేతికందని పై షెల్ఫ్‌కి వెళ్ళింది. పొద్దున కార్పెంటర్‌తో టేబుల్ కింద లైనర్ వేయమన్నాను. "కింద ఎవరికి కనిపిస్తుంది మేడమ్?" అన్నాడు.