మై బ్లడీ వాలంటైన్ తొలి ఆల్బమ్ 'ఇజంట్ ఎనీథింగ్': మొదటిసారి విన్నప్పుడు మీకెలా అనిపించింది?

నిద్రపట్టని_చెవులు

అందరికీ నమస్తే. వారం రోజులుగా ఈ ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ షూగేజ్ (గిటార్ హోరులో గొంతు మునిగిపోయే రకం రాక్ సంగీతం) వినేవాళ్ళు కొందరైనా ఉన్నారు కదా అని అడుగుతున్నా.

చాలామందిలాగే నేనూ మై బ్లడీ వాలంటైన్ అనే ఈ రాక్ బ్యాండ్‌ని 'లవ్‌లెస్'తోనే మొదలుపెట్టాను. 1991లో వచ్చిన ఆ ఆల్బమ్‌ని రాత్రిళ్ళు లైటు ఆపేసి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. తల మీదుగా దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది, ఎక్కడా సందు కనపడదు. సరే, వీళ్ళు అసలు ఎక్కడ మొదలయ్యారో చూద్దామని మొన్న 1988 నాటి 'ఇజంట్ ఎనీథింగ్' పెట్టాను. మొదటి పాట 'సాఫ్ట్ యాజ్ స్నో' రాగానే, సరిగ్గా లోడ్ అవలేదేమోనని ఆపి మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. డ్రమ్స్ ఆగుతూ ఎగురుతూ వెళ్తున్నాయి, గిటార్ శ్రుతి జారిపోయినట్టుంది, గొంతు ఎక్కడో పక్కగదిలోంచి వస్తోంది. పన్నెండు పాటలూ విన్నాను, కానీ పట్టు దొరకలేదు. 'లవ్‌లెస్'లో ఉన్న ఆ నిండుదనం ఇందులో లేదు, పాటల మధ్యలో ఖాళీ జాగాలు ఉన్నాయి, ఆ ఖాళీ నన్ను ఇబ్బంది పెట్టింది.

కానీ దీన్ని 'లవ్‌లెస్' కన్నా ఎక్కువగా ప్రేమించేవాళ్ళు ఉన్నారని తెలుసు. అందుకే అడుగుతున్నా. ఇది తర్వాత రాబోయే పెద్ద ఆల్బమ్‌కి చిత్తుప్రతి లాంటిదా, లేక నేనే తప్పు చోట చెవి పెట్టి వింటున్నానా? మీకు ఏ పాట దగ్గర దారి దొరికింది?

వీణతీగ

చిత్తుప్రతి కాదండీ, దయచేసి అలా అనుకోవద్దు. నాకు ఈ రెండిట్లో ఇదే దగ్గరి ఆల్బమ్, ఎందుకో చెప్తాను.

నేను చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్నదాన్ని. శ్రుతి కొంచెం అటూ ఇటూ అయినా పళ్ళు పులిసినట్టు ఉంటుంది నాకు. అందుకే మొదటిసారి విన్నప్పుడు మీలాగే మధ్యలో ఆపేశాను. తర్వాత బ్యాండ్ గిటారిస్ట్ కెవిన్ షీల్డ్స్ చెయ్యి ఏం చేస్తుందో తెలిసింది. ఆయన గిటార్ మీద తీగలు ఆనే వంతెన దగ్గర ఉండే ట్రెమోలో కడ్డీని కుడిచేతిలోనే వదులుగా పట్టుకుని, దాన్ని వదలకుండానే తీగలన్నీ మీటుతాడు. చెయ్యి కిందికీ పైకీ ఊగుతుంటే కడ్డీ కూడా కొద్దిగా కదులుతుంది, దాంతో ఆరు తీగలూ ఒకేసారి కొంచెం వదులై మళ్ళీ బిగుస్తాయి. వీణ మీద మనం ఒక తీగని మెట్టు మీద పక్కకి లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్తాం. ఇక్కడ కార్డ్ (కలిపి మోగే స్వరాలు) మొత్తం, గుంపంతా కలిసి, కిందికి జారి పైకొస్తుంది. దీన్ని గమకం అనలేను, గమకానికి రాగం పెట్టే కట్టుబాటు ఉంటుంది. దీన్ని ఊగు అంటాను. అది శ్రుతి తప్పడం కాదని తెలిశాక నా చెవి ఒప్పుకుంది.

రెండోది, ఆ ధ్వనికి మొదలు ఎక్కడుందో తెలియకపోవడం. యమహా ఎస్‌పీఎక్స్90 అని ఒక ఎఫెక్ట్ పెట్టె, అందులో రివర్స్ రివర్బ్ వాడాడు. మామూలు ప్రతిధ్వని మీటగానే పుట్టి మెల్లగా చస్తుంది. ఇది తిరగబడి వస్తుంది, సన్నగా మొదలై పెరిగి టక్కున ఆగిపోతుంది. తీగ మీద మీటే పుల్ల (పిక్) తగిలిన చప్పుడు అందులో మునిగిపోతుంది. షూగేజ్ అనగానే కాళ్ళ దగ్గర వరసగా ధ్వనిని మార్చే పెడల్స్ పెట్టుకుని కిందికి చూస్తూ వాయించడం అనుకుంటారు, ఆ పేరుకి అర్థమూ అలాగే చెప్తారు. కానీ ఈయన మాత్రం కోరస్, ఫ్లాంజర్ లాంటి ఎఫెక్ట్ పెడల్స్ వాడలేదని ఎన్నోసార్లు చెప్పాడు. ఎక్కువ భాగం చేతిలో ఉన్నదే.

మీరు 'ఆల్ ఐ నీడ్' నుంచి మొదలుపెట్టండి. అందులో డ్రమ్ గోడ అవతల కొట్టుకునే గుండెలా ఉంటుంది, దాని మీద గిటార్ పొగలాగా కమ్మేస్తుంది. మా ఇంట్లో తంబురా పెట్టి కళ్ళు మూసుకుంటే, గుర్రం (తీగలు ఆనే వంతెన) మీద తీగ కింద సర్దిన నూలుపోగు సరైన చోట కుదిరిన క్షణంలో గదంతా గుయ్యిమంటుంది చూడండి, ఆ పాట నన్ను అక్కడికే తీసుకెళ్తుంది.

మిక్సింగ్_గది

వీణతీగ గారు గిటార్ గురించి చెప్పేశారు కాబట్టి నేను డ్రమ్స్, గొంతు గురించి మాట్లాడతా. సౌండ్ మిక్సింగే నా పని, పదేళ్ళుగా హైదరాబాద్‌లో ఎక్కువగా సినిమా పాటలే.

మన దగ్గర మిక్స్‌కి కూర్చుంటే మొదట వినపడే మాట 'వాయిస్ పైకి తియ్యి' అని. పల్లవిలో ఒక్క అక్షరం మింగేసినట్టున్నా ఊరుకోరు. తప్పని అనను, మనకి పాటంటే సాహిత్యం, మాట వినపడాలి. కానీ అలా ఏళ్ళ తరబడి అలవాటైన చెవితో ఈ ఆల్బమ్ వింటే మొదటి పది నిమిషాలు మాట కోసం వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఇందులో బిలిండా బుచర్ గొంతు మాట చెప్పడానికి లేదు, గిటార్ పక్కన ఇంకో వాయిద్యంగా ఉంది. రికార్డింగ్ రోజుల్లో తెల్లవారుజామున అప్పుడే నిద్రపోయిన ఆమెని లేపి పాడించేవారని ఆమే చెప్పింది. 'లూజ్ మై బ్రెత్'లో ఆ మగత స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఊపిరి అలా రావాలంటే గొంతు సవరించుకుని మైక్ ముందు నిలబడితే రాదు.

ఇంకో సంగతి, నాకు ఇదే అసలైనది. ఈ ఆల్బమ్ డ్రమ్మర్ కొలమ్ ఓ కీసోగ్‌ది. 'లవ్‌లెస్' చేసేటప్పుడు అతనికి ఒంట్లో బాగాలేదు, చాలా పాటల్లో అతను వాయించిన ముక్కల్ని శాంపిల్ చేసి లూప్‌గా కట్టారు. అందుకే అక్కడ మీకు ఆ సమతలమైన నిండుదనం. ఇక్కడ మాత్రం మనిషి కూర్చుని చెమటలు కారుస్తూ వాయించాడు. 'నథింగ్ మచ్ టు లూజ్'లో డ్రమ్ రోల్స్ వినండి, పాటని ముందుకి తోసేసి తనే దాని వెనక పరిగెత్తుతున్నట్టుంటుంది. 'ఫీడ్ మీ విత్ యువర్ కిస్' అయితే ఇక చెప్పక్కర్లేదు.

వేల్స్‌లో ఫోయల్ అనే స్టూడియోలో సరిగ్గా నిద్ర కూడా లేకుండా రెండు వారాల్లో పని ముగించారు. తర్వాతి ఆల్బమ్‌కి రెండేళ్ళు పైన పట్టింది, స్టూడియోల మీద స్టూడియోలు మారారు. మీకు ఖాళీగా అనిపించినది ఈ రెండు వారాల ఆల్బమ్‌లో నలుగురు మనుషుల మధ్య ఉన్న గాలి. నా పని నేను చేసేటప్పుడు ఆ గాలిని కాపాడటమే చాలా కష్టం, ఎప్పుడూ ఎవరో ఒకరు దాన్ని ప్యాడ్‌తోనో స్ట్రింగ్స్‌తోనో నింపేయమంటారు.

చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో మాత్రం వినకండి. కింద ఉండే డ్రమ్, బేస్ పోయి, పైన ఉండే గీరుడు చప్పుడే మిగులుతుంది.

కృష్ణలంక_కుర్రాడు

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నా మాట కూడా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. నేను దీన్ని నాలుగుసార్లు శ్రద్ధగా విన్నాను, హెడ్‌ఫోన్స్‌లోనే. సగం ఆల్బమ్ నాకు నచ్చలేదు. 'సెవరల్ గర్ల్స్ గలోర్', 'యూ నెవర్ షుడ్' వరసగా వచ్చేసరికి ఏది ఎక్కడ అయిపోయిందో తెలియదు. గొంతుని వాయిద్యంలా వాడారు, సరే, కానీ దుఃఖం ఉన్న పాటలో ఆ దుఃఖం దేని గురించో తెలుసుకోవాలని వినేవాడికి ఉండదా? నాకు ఉంటుంది. అది పాతకాలపు ఆలోచన అయితే అయింది.

షూగేజ్‌లో నేను వెళ్ళి వాలేది స్లోడైవ్ దగ్గర. వాళ్ళ తొలి ఆల్బమ్ 'జస్ట్ ఫర్ ఎ డే' (1991) కూడా గొంతు మునిగే ఉంటుంది, అయినా ట్యూన్ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. కాకపోతే ఒక్కటి ఒప్పుకుంటా, రైడ్ అనే బ్యాండ్ 1990లో, స్లోడైవ్ 1991లో తొలి ఆల్బమ్‌లు తెచ్చారు. వాళ్ళకి నడవడానికి దారి వేసింది ఈ 1988 ఆల్బమే. గౌరవం ఉంది, ప్రేమ రాలేదు.

పాతక్యాసెట్

ఒక చిన్న దిద్దుబాటు. పూర్తి నిడివి ఆల్బమ్‌లలో ఇది మొదటిదే, కానీ బ్యాండ్ మొదటి రికార్డు కాదు. డబ్లిన్‌లో 1983లో మొదలైన బ్యాండ్ ఇది, 1985లో బెర్లిన్‌లో 'దిస్ ఈజ్ యువర్ బ్లడీ వాలంటైన్' అనే మినీ ఆల్బమ్ చేశారు. అప్పటి గాయకుడు డేవ్ కాన్వే, గొంతూ ధోరణీ అంతా వేరు. అతను 1987లో వెళ్ళిపోయాక బిలిండా వచ్చింది. ఆ మినీ ఆల్బమ్ వెంటనే ఇది పెట్టి వింటే ఒకే బ్యాండ్ అని నమ్మబుద్ధి కాదు.

ఈ రెంటికీ మధ్య తలుపు 1988 ఆగస్టులో వచ్చిన 'యూ మేడ్ మి రియలైజ్' ఈపీ (కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు). అది విని ఆల్బమ్‌లోకి రండి, ఆ 'సరిగ్గా లోడ్ అవలేదేమో' అనుమానం పోతుంది. కృష్ణలంక తమ్ముడూ, నీ మాటలో తప్పేం లేదు, 'యూ నెవర్ షుడ్' విషయంలో మాత్రం ఇంకోసారి ఆలోచించు.

నిద్రపట్టని_చెవులు

అందరికీ చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి పాతక్యాసెట్ గారు చెప్పినట్టు ముందు ఈపీ, తర్వాత ఆల్బమ్, మంచి హెడ్‌ఫోన్స్ అరువు తెచ్చుకుని విన్నాను.

డ్రమ్స్ వెంటే చెవి పెట్టాను ఈసారి. మొదటి పాటలో ఆగి ఎగిరే ఆ దెబ్బలు తడబాటు కాదని అర్థమైంది, అవి ఊపిరి బిగబట్టి వదిలినట్టు ఉన్నాయి. కానీ నన్ను పట్టేసింది ఐదో పాట, 'నో మోర్ సారీ'. మొదటిసారి అసలు గుర్తుపెట్టుకోలేదు దాన్ని. నాలుగు పాటల పాటు అంతగా కొట్టిన డ్రమ్స్ ఇందులో అసలు ఉండవు. గిటార్ ఒక్కటే నీళ్ళలో పడిన నూనెలా మెల్లగా కదులుతూ ఉంటుంది, బిలిండా గొంతు చెవికి బెత్తెడు దూరంలోకి వచ్చేస్తుంది. మాటలు ఈసారీ సగమే అందాయి. అయినా ఎవరో నిద్రలో ఏడుస్తుంటే పక్కనే పడుకుని విన్నట్టు అనిపించింది, లేచి కూర్చున్నాను.

దాని వెనకే 'ఆల్ ఐ నీడ్', వీణతీగ గారి గుండె చప్పుడు. ఎల్పీలో అక్కడితో మొదటి వైపు అయిపోతుంది కదా, తిరగేసి పెడితే 'ఫీడ్ మీ' మీద పడుతుంది. ఆ రెండు నెమ్మది పాటల తర్వాత కావాలనే అలా పెట్టారనిపించింది. నేను మాత్రం రెండో వైపుకి వెళ్ళలేదు, 'నో మోర్ సారీ'యే మళ్ళీ మళ్ళీ విని పడుకున్నాను. రెండో వైపు ఈ రాత్రికి. కృష్ణలంక గారూ, మీకు కలిసిపోయినట్టు అనిపించిన ఆ రెండు పాటలూ విడివిడిగా విని రేపు రాస్తాను.