‘మూడు పూటలా’ అంటే ఎన్ని గంటలకొకసారి?

ప్రశ్న: మా మేనత్తకు ఐదు రకాల మాత్రలున్నాయి. అంబర్‌పేటలో మందుల షాపాయన కవరు మీద 1-1-1 అని రాసి, “మూడు పూటలా వేసుకోవాలమ్మా” అని చెప్పి పంపాడు. ఆవిడకు టిఫిన్ తొమ్మిదికి, భోజనం ఒంటిగంటకు, రాత్రి తిండి ఎనిమిదికి. అసలు ‘పూట’ అంటే వేళా, తిండా?

జవాబు: రెండూనండి, చిక్కంతా అక్కడే. ‘పగటిపూట’, ‘రాత్రిపూట’ అన్నప్పుడు వేళ. ‘పూట గడవడం లేదు’, ‘పూటకూళ్ళ ఇల్లు’ అన్నప్పుడు తిండి. ఎండాకాలం ‘ఒంటిపూట బడి’ అంటే సగం రోజు. ఇన్ని అర్థాల్లో ఎక్కడా గడియారం లేదు. మీ అత్తయ్య గారు తిండి లెక్కన వేసుకుంటే మాత్రకీ మాత్రకీ మధ్య ఎడం 4 గంటలు, 7 గంటలు, తర్వాత ఏకంగా 13 గంటలు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ లాంటిదైతే తిండితోనే వేసుకోవాలి కాబట్టి ఇబ్బంది లేదు. అదే 8 గంటలకొకసారి అని రాసిన యాంటీబయాటిక్‌కు ఈ లెక్క పనికిరాదు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది అని పెట్టుకోవాలి. అందుకే ఒక్కో మాత్ర చూపించి “ఇది తిండితోనా, టైముతోనా?” అని షాపులోనే అడిగేయండి. కవరు మీద సున్నాలూ ఒకట్లే ఉంటాయి, ఆ తేడా ఉండదు.

ఇంకొకరు: ‘పరగడుపున’ కూడా ఇలాంటిదే. మా ఇంట్లో చాయ్ తాగినా పరగడుపే, బిస్కెట్ తింటేనే కాదు! థైరాయిడ్‌కు ఇచ్చే లెవోథైరాక్సిన్ దగ్గర ఈ ఉదారత కుదరదు. ఉత్త నీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఆగాలి. కాఫీ తాగినా ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలైతే దానికి కనీసం 4 గంటల దూరం. ఐదు మాత్రలూ ఒకేసారి గుప్పిట్లో పోసుకుని మింగే పెద్దవాళ్ళకు ఇది చెప్పడమే కష్టం, “అన్నీ కడుపులోకే కదా పోయేది” అంటారు.

మరొకరు: మా వైపు ‘ఒక్కపొద్దు’ అంటాం. అంటే ఆ రోజు ఒకటే పూట తిండి. మరి పొద్దునొకటి, రాత్రొకటి అని రాసిన 1-0-1 ఏం కావాలి? షుగర్‌కు వాడే గ్లిమెపిరైడ్ వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది, చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. శనివారం ఒక్కపొద్దులకైనా, పాతబస్తీలో రంజాన్ రోజాలకైనా ఇదే సంగతి. ముందుగానే డాక్టర్‌ను కలిస్తే మోతాదు, వేళ మార్చి రాస్తారు. మనంతట మనం మానేయడం గానీ, మర్నాడు రెండు కలిపి వేసుకోవడం గానీ చేయొద్దు.

మొదటి జవాబిచ్చినవారు: ‘ఒక్కపొద్దు’ మంచి మాట గుర్తుచేశారు, ‘పొద్దు’ కూడా పూటలాగే వేళకూ తిండికీ పనిచేస్తోంది. ఆయుర్వేదంలో ‘అనుపానం’ అనే మాటుంది, మందును దేనితో తీసుకోవాలో అది: తేనె, నెయ్యి, వేడినీళ్ళు. ఇంగ్లీషు మందులకూ ఈ మాట వాడుకోవచ్చని నాకనిపిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు పాలు అనుపానం కాదు, అందులోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది. ఐరన్ మాత్రకు చాయ్ కాదు.

ప్రశ్న అడిగినవారు: బాగా చెప్పారండి. ఇంకొకటి, మోకాళ్ళ నొప్పికి ఇచ్చిన పారాసెటమాల్ మీద ‘ఎస్.ఓ.ఎస్.’ అని ఉంది.

జవాబు: ‘సీ ఓపస్ సిట్’ అనే లాటిన్ మాట, ‘అవసరమైతే’ అని. కానీ దానికి హద్దు చెప్పలేదు చూడండి. కనీసం ఎన్ని గంటల ఎడం, రోజుకు ఎన్ని మించకూడదు అన్నవి రెండూ అదే కవరు మీద రాయించండి. జలుబు మాత్రల్లోనూ చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, ఆవిడ అవీ వాడుతుంటే ఆ స్ట్రిప్పు కూడా షాపుకు పట్టుకెళ్ళండి.