అప్‌డేట్: ముందాకాలో నీళ్లలోకి దిగలేదు

ఆఫీసు పని మీద నవంబర్‌లో స్పెయిన్ వెళ్తున్నానని, అక్కడి ముందాకా అనే ఊళ్లో నదీముఖం దగ్గర సర్ఫింగ్ చేయొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. వైజాగ్ రుషికొండ బీచ్‌లో రెండు సీజన్లు నేర్చుకున్న అనుభవం చాలదని చాలామంది చెప్పారు. హైదరాబాద్ తిరిగొచ్చాను, ఏం జరిగిందో చెప్తాను.

బిల్బావో నగరం నుంచి లోకల్ రైల్లో వెళ్లాను. ఆ రోజు వాయవ్యం నుంచి స్వెల్ (దూరపు సముద్రం నుంచి వచ్చే అలల వరస), ఎత్తు 2 మీటర్లు, అలకీ అలకీ మధ్య 14 సెకన్లు. ఎత్తు చూసి పర్లేదనుకున్నాను, అదే నా తప్పు. అదే 2 మీటర్లు 8 సెకన్లకొకటి వస్తే వేరు. 14 సెకన్ల అలలో శక్తి చాలా ఎక్కువ, నీటి అడుగున ఉన్న ఇసుక తిన్నె మీద ఒక్కసారిగా లేచి గొట్టంలా విరుగుతుంది. దక్షిణపు గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తూ అలని ఇంకా నిటారుగా నిలబెట్టింది. ఎంత అందంగా ఉందో!

పోటు మీద అక్కడ అల సరిగా విరగదు, ఆటు మీదే బాగుంటుంది. కానీ అప్పుడే ఓకా నది నీళ్లు జోరుగా బయటికి లాగుతాయి. బాగా చేయి తిరిగినవాళ్లే తెడ్డేసినట్టు చేతులాడిస్తున్నా ఉన్నచోట నిలవలేకపోయారు. అది చూశాక బోర్డు అద్దెకు తీసుకోలేదు. మూడు గంటలు గోడ మీద కూర్చుని చూశాను.

ఆపినందుకు అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా స్వెల్ పీరియడ్, అంటే అలకీ అలకీ మధ్య సమయం, చూడమన్న అన్నకి. ఫిబ్రవరిలో మళ్లీ వైజాగ్ వెళ్తున్నాను.