సాగర్ రైడ్‌కు వెంట కారు కావాలా, వద్దా?

హాలియా_దారి:
పోయిన ఆదివారం నల్లగొండ నుంచి నాగార్జునసాగర్‌కు వచ్చినవాళ్లకు సంగతి తెలుసు. రానివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఇడ్లీలు, చట్నీ, అరటిపండ్లు, నీళ్ల డబ్బాలు, పంపు, ట్యూబులు అన్నీ వెనక వచ్చే కారులో పెట్టాం. సైకిళ్ల మీద తలా ఒక సీసా నీళ్లు తప్ప ఏమీ లేవు. హాలియా దాటాక, పెద్దవూర ఇంకా రాకముందే, కారు బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ముందు వెళ్లినవాళ్లు అది తెలియక సాగర్ దాకా పోయి బుద్ధవనం దగ్గర ఖాళీ కడుపులతో కూర్చున్నారు. వెనక ఉన్నవాళ్లం కారును చెట్టు నీడకు తోసి దానికి కాపలా కాశాం. తిండి ఒకచోట, ఆకలి ఇంకోచోట.

వచ్చే నెల మళ్లీ అదే దారి. ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో ఈ జిల్లావాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కారు ఉండాలనే నా మాట. మీరేమంటారు?

ఒంటిగేరు:
వద్దు.

కారు వెంట ఉన్నంతకాలం మనలో ఎవరూ ట్యూబ్ మార్చడం నేర్చుకోరు. ఆదివారం మొదటి పంక్చర్ అయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. సర్కారు తుమ్మ ముల్లు టైరులో కళ్లెదురుగా కనిపిస్తోంది. దాన్ని పీకి టైరు విప్పే ప్రయత్నం ఒక్కరూ చేయలేదు. అందరూ మెడలు తిప్పి కారు ఎంత దూరంలో ఉందో చూస్తున్నారు. ఇంతోటి దానికి పంపు కొనడం ఎందుకు, హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగడం ఎందుకు?

బీఆర్‌ఎమ్ రైడ్‌ల సంగతి మీకు తెలుసు, గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిల్ రైడ్‌లు. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు. ఆ గడువులో పూర్తి చేయాలి, అదీ ఎవరి సాయమూ లేకుండా. నిర్ణయించిన మజిలీల దగ్గర తప్ప దారి మధ్యలో సొంతవాళ్ల బండి నుంచి నీళ్ల సీసా అందుకున్నా నియమం తప్పినట్లే. మనం సాగర్‌కు పోయేది 60 పైచిలుకు కిలోమీటర్లు. దానికి పెళ్లివారి వెనక సామాను బండిలా కారు కావాలా?

మన్నెంకొండ:
అన్నా, మీ నియమం మగవాళ్లు రాసుకున్నట్లుంది. నేను మహబూబ్‌నగర్ నుంచి వస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు సైకిల్ తీసుకుని బయలుదేరుతుంటే మా ఇంట్లో వేసే మొదటి ప్రశ్న, వెంట ఎవరి బండి వస్తోందని. కారు ఉందంటేనే మా అత్తమ్మ తలుపు తీస్తుంది. దారిలో బట్టలు మార్చుకోవాలంటే ఎక్కడ మార్చుకోవాలి? మీరు ఏ తుమ్మచెట్టు చాటుకో పోయి వస్తారు, మేము పెట్రోల్ బంకు వచ్చేదాకా బిగబట్టుకుని తొక్కాలి. పెద్ద బంకు అయితేనే అక్కడ తలుపు గడియ పడుతుంది.

ఇంకో మాట. అన్ని దారులూ సాగర్ దారి కావు. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు ఎక్కితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ గేటు మూస్తారు, బండ్లను వదలరు. పగలు కూడా చాలా దూరం దుకాణం అనేది కనబడదు. అక్కడ గొలుసు తెగితే పంక్చర్ కిట్టు పట్టుకుని ఏం చేస్తారు?

ఒంటిగేరు:
గొలుసు తెగితే గొలుసు లింకు వేస్తాను అక్కా. చిటికెన వేలంత ఉంటుంది. తలుపు గడియ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, అది నిజమే. అయితే మన రైడ్ శ్రీశైలానికి కాదు కదా.

పాత_డైనమో:
సొంత సాయం గురించి ఒక పాత ముచ్చట. 1913 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో యుజెన్ క్రిస్టోఫ్ అనే ఆయన తూర్మలే కొండ దిగుతుంటే సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. అప్పట్లో ఎవరి సైకిల్ వాళ్లే బాగు చేసుకోవాలని నియమం. ఆయన సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, కింద ఊళ్లో కమ్మరి కొలిమి పట్టుకున్నాడు. కమ్మరి పక్కనే ఉన్నా చేయి వేయనివ్వలేదు. ఇనుము కాల్చి, సాగగొట్టి, ఫోర్కు తానే అతికించుకున్నాడు. గంటలు గడిచాయి, పందెం చేజారింది. అంతా అయ్యాక, కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రవాడు సాయం చేశాడని నిర్వాహకులు ఆయనకు 10 నిమిషాల జరిమానా వేశారు! తర్వాత దాన్ని 3 నిమిషాలకు తగ్గించారు.

సైకిల్ తొక్కడమంటే అది.

మన్నెంకొండ:
మాస్టారూ, ఆ పందెంలో ఇప్పుడు ఒక్కో జట్టు వెనక కార్లు వస్తున్నాయి కదా. పైన విడి సైకిళ్లు కూడా కట్టుకుని! ఆ నియమంలో అంత గొప్పతనం ఉంటే ఎందుకు ఎత్తేశారు? తిత్తి ఊదిన పిల్లవాడి పేరు చెప్పి శిక్ష వేసినవాళ్లను మెచ్చుకోవడం నాకు చేతకాదు.

పాత_డైనమో:
అమ్మా, నేను మెచ్చుకున్నది క్రిస్టోఫ్‌ను. జరిమానా వేసినవాళ్లను కాదు.

రేడియేటర్_వైద్యం:
మీ నియమాలు మీరు చూసుకోండి. కార్ల పని నాకు తెలుసు కాబట్టి కారు తరఫున నేను మాట్లాడతాను.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. సైకిళ్ల వెనక 18, 20 వేగంతో గంటల తరబడి పాకుతుంటే ఆ గాలి ఉండదు. భారమంతా రేడియేటర్ వెనక ఉన్న పంకా మీదే. అది తిరగకపోతే, ఫ్యూజు కాలినా మోటారు పోయినా, అంతే సంగతులు. దానికి తోడు లోపల ఏసీ వేసుకుని కూర్చుంటారు. ఏసీ వేడి గాలి రేడియేటర్ మీదికే వస్తుంది. మొదటి, రెండో గేర్లలో సగం క్లచ్ తొక్కి పట్టుకుని నడపడంతో క్లచ్ ప్లేటు కూడా అరుగుతుంది. ఆదివారం మీ కారు చెడిపోయిందని అందరూ దాన్ని తిడుతున్నారు. ఆ ఎండలో ఆ నడకకు అంత దూరం రావడమే గొప్ప.

వేడి ముల్లు పైకి లేస్తున్నట్లు కనబడగానే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పండి. చెమటతో తడిసిపోతారు, అయినా ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. వెంటనే నీడ చూసి ఆపేయండి. ముఖ్యమైనది ఇది: వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదు. ఎవరో తువ్వాలు చుట్టి తిప్పబోయారని విన్నాను. ఒత్తిడిలో ఉన్న మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. అరగంటకు పైగా ఆగి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక తీయాలి.

కారు కావాలంటే తెచ్చుకోండి. సైకిళ్ల వెనక మాత్రం నడపకండి. 15, 20 కిలోమీటర్లు ముందుకు పోయి, ఇంజిన్ ఆపి, నీడలో నిలబడనివ్వండి. మీరొచ్చాక తిని తాగి కదిలితే, అది మళ్లీ ముందుకు పోతుంది.

హాలియా_దారి:
వినడానికి బాగుంది సార్. కానీ కారు వెనక ఉండేది తిండి మోయడానికే కాదు. వెనక నుంచి వచ్చే లారీకి మేము కనబడాలంటే దీపాలు వెలిగే బండి ఒకటి అడ్డం ఉండాలి. ముందుకు పోయిన కారు వెనక నుంచి వచ్చే లారీని ఆపదు.

వడ్లబండి:
నేను సైకిల్ వాణ్ని కాదు, మా అబ్బాయి చూపిస్తే చదివాను. మాది హాలియా వైపే, ఎడమ కాలువ కింద పొలం. ఏప్రిల్ అంటే యాసంగి కోతలు. వరి కోత మిషన్లు, ట్రాక్టర్లు, కొనుగోలు కేంద్రానికి పోయే వడ్ల లారీలు అన్నీ ఆ రోడ్డు మీదే. మీరు వరసగా సైకిళ్లు, వెనక నత్తనడక కారు పెట్టుకుని పోతుంటే మా ట్రాక్టర్ డ్రైవర్ మిమ్మల్ని దాటడానికి మొత్తం అటు పక్కకు పోవాలి. ఎదురుగా బస్సు వస్తే? మీరు రక్షణ అనుకునేది మాకు అడ్డం. సైకిళ్లు ఒంటరిగా ఉంటే చేయి ఊపి దాటిపోతాం.

ఒంటిగేరు:
పెద్దాయన సరిగ్గా చెప్పారు. అయితే రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టేది ఎవరు?

వడ్లబండి:
కల్లం కట్టించి ఇవ్వండి, రోడ్డు మీద పోయం. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. మరి ఎక్కడ ఆరబెట్టమంటారు?

నిర్వాహకుడు:
కల్లాల సంగతికి వేరే చర్చ పెట్టుకుందాం. అయితే రాత్రిపూట ఆ రాళ్లు ఎవరి కంటికీ కనబడవు. తెల్లవారకముందు బయలుదేరేవాళ్లు ముందు దీపం లేకుండా రావద్దు.

చౌటుప్పల్_మలుపు:
తిండి గురించి ఎవరూ మాట్లాడటం లేదేమిటి? కొబ్బరి చట్నీని ఎండలో కారు డిక్కీలో పెట్టి పదింటికి తినాలని అనుకోవడం ఎవరి ఆలోచన? కారు ఆగకపోయినా ఆ చట్నీ అందరినీ ఆపేది. చింతపండు పులిహోర మధ్యాహ్నం దాకా పాడవదు. జొన్నరొట్టెలో కారం, నూనె రాసి చుట్టి చొక్కా వెనక జేబులో పెట్టుకుంటే కారే అక్కర్లేదు. పల్లీల పట్టీ రెండు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. ఒక పొట్లానికి లీటరు నీళ్లు కలపాలి. సగం సీసాలో పొట్లమంతా పోసి తాగకండి.

ఇంకొకటి, వట్టి నీళ్లు అదే పనిగా తాగడమూ మంచిది కాదు. చెమటతో ఉప్పు పోతుంది. లీటర్ల కొద్దీ నీళ్లు మాత్రమే పోస్తే ఒంట్లో సోడియం పలచబడి వాంతులు, తలతిరుగుడు మొదలవుతాయి. ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు, ఇంకా పెరుగుతుంది. ఉప్పేసిన మజ్జిగ ఎక్కడ కనబడితే అక్కడ ఆగండి. తాటి ముంజలు కూడా అప్పటికి వచ్చేస్తాయి.

హాలియా_దారి:
మజ్జిగ సరే, నీళ్ల మాట? మా చిన్నప్పటి నుంచీ మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లు ముట్టవద్దని చెప్పి పెంచారు. కారులో డబ్బా ఉంటే ఆ బెంగ లేదు.

చౌటుప్పల్_మలుపు:
ఫ్లోరైడ్ ఒక్క రోజు తాగితే ఎముకలు వంగవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు వచ్చిన కష్టం అది, మా మేనమామను చూశాను. దాహంతో పడిపోయేకన్నా బోరు నీళ్లు తాగడం మేలు. అయినా ఇప్పుడు ఊళ్లలో నల్లా నీళ్లు వస్తున్నాయి, ఏ ఇంటి ముందు ఆగి అడిగినా సీసా నింపి ఇస్తారు. కారులోంచి దిగి అడిగితే మాత్రం పక్కనే దుకాణం ఉంది, కొనుక్కోమంటారు. అదీ న్యాయమే.

రేడియేటర్_వైద్యం:
ఒంటిగేరుకు ఒక ప్రశ్న. మీ సైకిల్ ట్యూబ్ వాల్వు సన్నదా, మోటార్ సైకిల్‌ది లాంటిదా?

ఒంటిగేరు:
సన్నది.

రేడియేటర్_వైద్యం:
అయితే చేతిపంపు విరిగిన రోజున ఊళ్లో పంక్చర్ షాపు అతని గాలి గొట్టం మీ వాల్వుకు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. దాన్ని వాల్వు మూత ఉండేచోట బిగించి పెట్టుకోండి. అది లేక పెద్దవూరలో కంప్రెసర్ ముందు నిలబడి కూడా గాలి కొట్టించుకోలేకపోయినవాళ్లను చూశాను. సొంత సాయం అనే మాట వాడేముందు ఇవి చూసుకోవాలి.

మన్నెంకొండ:
ముందుకు పోయి ఆగే కారుకు నేను ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. అందరికంటే వెనక ఒక గట్టి మనిషి తొక్కాలి. అతన్ని దాటి ఎవరూ వెనకబడకూడదు. ఎర్రదీపం, పంపు, రెండు ట్యూబులు అతని దగ్గర ఉండాలి. ఒంటిగేరు అన్నకు అంత చేతనవును కాబట్టి ఆ పని ఆయనకే ఇద్దాం.

ఒంటిగేరు:
అంటే నేను అందరికంటే నెమ్మదిగా తొక్కాలా?

మన్నెంకొండ:
అవును.

ఒంటిగేరు:
కారు వద్దు అనే నా మాట మారలేదు. వెనక తొక్కుతాను.

కారు_నాదే:
రెండు రోజుల నుంచి చదువుతున్నాను. పంకా మోటారు మార్చారు, కూలెంట్ కొత్తది పోశారు, క్లచ్ ఇంకొన్నాళ్లు వస్తుందన్నారు. ఖర్చు ఎవరినీ అడగడం లేదు. డిక్కీలో ఒలికిన చట్నీ వాసన మాత్రం ఇంకా పోలేదు, అది పెట్టినవాళ్లు వచ్చి కడగాలి.

కారు ముందు పోవాలా, వెనక రావాలా, అసలు వద్దా అని ఇంతమంది ఇన్ని మాటలు రాశారు. నడిపేది ఎవరని ఒక్కరూ అడగలేదు. పోయినసారి నా సైకిల్ ఇంట్లో పెట్టి నేనే నడిపాను, అంతకుముందూ నేనే. ఈసారి నేను తొక్కుతాను. తాళంచెవి ఎవరికి ఇవ్వమంటారు?

హాలియా_దారి:
నాకు గేర్ల కారు అలవాటు లేదు.

చౌటుప్పల్_మలుపు:
నేను కారు వద్దనే వైపు.

ఒంటిగేరు:
నాకు లైసెన్సే లేదు.